కొమురన్న స్టేజీ

రెండో స్థానం అనేది లోకంలో లేకుండా పోయిన రోజుల కథ ఇది. అంతకు ముందు ఏదైనా వెతికితే ఫోన్ పది వెబ్‌సైట్లు వరసగా చూపించేది, నచ్చింది నొక్కుకునేవాళ్లం. తర్వాత జనానికి చదివే ఓపిక పోయింది. అడగడం నోటితో, వినడం చెవితో. ఫోన్ ఒకే ఒక జవాబు చెప్పేది, ఒకే ఒక వెబ్‌సైట్ పేరు చెప్పేది. ఆ పేరు నీదైతే నువ్వు ఉన్నట్టు. కాకపోతే అసలు పుట్టనే లేదన్నట్టు.

హనుమకొండలోని తొలిపుట సంస్థ బతికేది ఆ ఒక్క స్థానం మీదే. వ్యాపారుల వెబ్‌సైట్లను పైకి ఎక్కించడం వాళ్ల పని. పేజీ నిండా జనం అడిగే మాటలు కుక్కడం, పది సైట్ల చేత ఈ సైట్ పేరు చెప్పించడం, దొంగ మెచ్చుకోళ్లు రాయించడం, ఇలాంటి పాత ఎత్తులన్నీ సెర్చ్ ఇంజన్ ఎప్పుడో పసిగట్టేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా. ఆ తల తన్నే పనిలో ఆరేళ్లుగా మునిగి ఉన్న మనిషి డాక్టర్ సారక్క. సంస్థలో ఆమెను సారా మేడం అంటారు. "సారా అంటే సీసాల పోసి అమ్మేది గదనే" అని వాళ్ల అక్క సమ్మక్క వెక్కిరించేది. ఒక మేడారం జాతర జరిగిన ఏడాది అక్క, మరుసటి జాతర ఏడాది చెల్లె పుట్టారు. పేర్ల కోసం ఎవరూ వెతుక్కోవలసిన పని లేకపోయింది.

సారక్కకు అసలు ఉపాయం ప్రయోగశాలలో తట్టలేదు, అక్క బస్సులో తట్టింది. సమ్మక్క పదిహేనేళ్లుగా హనుమకొండ నుంచి ములుగు పోయే బస్సులో కండక్టరు. బస్సు ఆగే స్టేజీకి బోర్డు మీద పేరు ఒకటుంటే ఆమె నోట ఇంకొకటి. ఆ దారిలో ఎక్కడ ఏ మనిషి అంగడి పెట్టాడో, ఎక్కడ ఏ పెళ్లిబస్సు దిగబడిందో, అవే ఆమెకు స్టేజీల పేర్లు. ఒక చోట నీళ్ల ట్యాంకు కూలగొట్టి ఎనిమిదేళ్లయింది. కొత్త కాలనీ లేచింది, దానికి గొప్ప పేరు పెట్టి ఇనుప కమాను కట్టారు. అయినా సమ్మక్క "ట్యాంకికాడ, ట్యాంకికాడ" అనే కేకేస్తుంది. ఆ ట్యాంకును కంటితో చూడని కాలనీవాళ్లు కూడా పది రోజులు బస్సెక్కేసరికి "ట్యాంకికాడ దించక్కా" అనేవాళ్లు. నమ్మిన గొంతు ఏ మాట అంటే నోటికి ఆ మాటే వస్తుందని సారక్కకు ఒక రోజు ఆ బస్సులో వెలిగింది. జనం అడిగే ప్రశ్నకు తగ్గట్టు వెబ్‌సైట్‌ను మార్చడం ఎందుకు? ప్రశ్ననే వెబ్‌సైట్‌కు తగ్గట్టు మారిస్తే పోలా?

ఒక ఆదివారం అక్కను వంటింట్లో కూర్చోబెట్టి, కుక్కర్ కూత పడకుండా పొయ్యి ఆపించి, స్టేజీల పేర్లన్నీ పలికించింది. "బస్సు వేళలు చెప్పే యాప్‌ల నీ గొంతు పెడుతున్నమక్కా" అంది. సమ్మక్క మురిసిపోయి, చేతి తడి కొంగుకు తుడుచుకుని, కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. యాప్ నిజమే, గొంతు నిజమే. ఆ గొంతు అడుగున, చెవికి అందీ అందనంత సన్నగా, ఫోన్‌ను ఏ మాటలతో అడగాలో నేర్పే ఇంకో గొణుగుడు ఉంటుందన్న సంగతి మాత్రం చెల్లె చెప్పలేదు. ఆ గొణుగుడుకు ప్రయోగశాలలో విత్తనం అని పేరు.

మొదటి పరీక్ష పాదాల పగుళ్ల మందు మీద చేశారు. ముప్ఫైమందిని పిలిచారు. రేడియోలో చెప్పే ఆయన గొంతులో విత్తనం కలిపి వినిపిస్తే ఒక్కరి ప్రశ్న కూడా మారలేదు. సమ్మక్క గొంతులో కలిపి వినిపిస్తే పదో రోజుకు ముప్ఫై నోళ్లూ ఒకే మాటలతో అడిగాయి, ఆ మాటలకు ఫోన్ చెప్పే జవాబు ఒకే మందు. ఒక్కడి దగ్గర మాత్రం లెక్క తప్పింది. ఇరవై మూడో నంబరు మనిషి, బస్టాండులో జాంపండ్లు అమ్మే పోచయ్య. పన్నెండో రోజు పొద్దున అతనిలో విత్తనం నిక్షేపంగా ఉంది, సాయంత్రానికి జాడ లేదు. ఏం జరిగిందని అడిగితే, "ఏం లేదు మేడం, ములుగు బస్సెక్కిన, గా సమ్మక్క కండక్టరమ్మ నా కాళ్లు జూసి తిట్టింది. మందూ గిందూ ఏం పెట్టకు, కొబ్బరినూనె రాసుకోరా అన్నది" అన్నాడు. సారక్క ఆ మాట రాసిపెట్టుకుంది. సంస్థ యజమాని ప్రభంజన్ మాత్రం, "ఒక్కడి కోసం ఆగుతామా? లెక్కలోంచి తీసేయండి మేడం" అన్నాడు. ఆమె తీసేసింది.

తర్వాత అసలు గిరాకీ వచ్చింది. సుఖోదర చూర్ణం అనే గ్యాస్ మందు. సారక్క ఛాతీ, మంట, నొప్పి, గ్యాస్ అనే నాలుగు మాటల చుట్టూ విత్తనం కట్టింది. ఛాతీలో ఏ బాధ వచ్చినా నోరు ముందు గ్యాస్ అనాలి, అప్పుడు ఫోన్ సుఖోదర చూర్ణం అంటుంది. దాన్ని బస్సు యాప్‌లో సమ్మక్క గొంతు అడుగున వదిలాక, నలభై ఒకటో రోజున ఉమ్మడి వరంగల్ జిల్లా అంతటా ఆ చూర్ణమే ఒకే ఒక జవాబు అయింది. సంస్థలో బాదుషాలు పంచారు. సారక్క చూర్ణం పొట్లాలు ఒక సంచీడు, అక్కతో కలిసి ఉండే ఇంటికి తెచ్చింది.

మరునాడు పొద్దున్నే డ్రైవరు కొమురయ్య వచ్చాడు. సమ్మక్కతో పాటు పదిహేనేళ్లుగా అదే బస్సు నడుపుతున్నాడు. ఏటా పండుగకు ఆమె చేత రాఖీ కట్టించుకుంటాడు. రోజూ వాళ్లింట్లో చాయ్ తాగి, తన బండి మీద ఆమెను డిపోకు తీసుకుపోతాడు. ఆ రోజు చాయ్ గ్లాసు కుడిచేతికి మార్చుకున్నాడు. ఎడమ జబ్బ నలుపుకుంటూ ఫోన్ తీశాడు.

"జబ్..." అన్నాడు. ఆగాడు. "ఎడమ..." అన్నాడు. మళ్లీ ఆగి, ఏదో మరిచిపోయినవాడిలా గోడకేసి చూసి, "గ్యాస్‌కు ఏం వేస్కోవాలె?" అని అడిగాడు.

"సుఖోదర చూర్ణం" అంది ఫోన్.

ఎదురుగా కూర్చున్న సారక్క అంతా చూసింది. ఆయన చెయ్యి ఎక్కడుందో చూసింది, నోరు ఏమందో విన్నది. తాను బల్ల మీద రాసిన మాటలు అక్షరం పొల్లు పోకుండా తన ఇంట్లోనే వినిపించేసరికి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు అనుకుని లోలోపల నవ్వుకుంది. ఆ నవ్వును ఆమె తర్వాత బతికినన్నాళ్లూ క్షమించుకోలేదు.

"గ్యాసేనే అన్నా, రాత్రి ఆ మిర్చీలు తిన్నవ్ గద" అని సమ్మక్క సంచీలోంచి పొట్లం తీసి ఇచ్చింది. "గిది మా చెల్లె కంపెనీదే. వేస్కో."

పదకొండు గంటలకు ములుగు రోడ్డు మీద, ఏ స్టేజీ కాని చోట బస్సు ఆగింది. ఎవరూ ఆపమనలేదు. కొమురయ్య ఇండికేటరు వేసి, రోడ్డు దిగి, హ్యాండ్ బ్రేకు గుంజి, అప్పుడు స్టీరింగు మీద వాలిపోయాడు. బస్సులో నలభై ఆరుగురున్నారు, ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. ఎదురుగా రోడ్డు దాటితే గుండె దవాఖాన. జనమే భుజాల మీద మోసుకుపోయారు. అప్పటికే అయిపోయింది.

కబురంది సారక్క పరుగున వెళ్లేసరికి డాక్టరు బయటికొచ్చి, "పొద్దుట్నించి ఏమైనా చెప్పాడా అమ్మా?" అని అడిగాడు. ఎడమ జబ్బ గుంజుతుందని చెప్పబోయింది ఆమె. "గ్యాస్ అన్నడు" అని వచ్చింది నోటి నుంచి. ఇన్ని రోజులుగా ఆ గొణుగుడును అందరికంటే ఎక్కువ విన్నది ఆమె చెవులే. పళ్ల మధ్య నాలుక కరుచుకుంది.

"గ్యాస్ ఏంటమ్మా? గుండె" అన్నాడు డాక్టరు విసుగ్గా. "ఈ నెలలో అందరూ ఇదే మాట. జబ్బ లాగుతోందని ఫోన్‌ను అడిగినా, వెంటనే హాస్పిటల్‌కు పొమ్మని చెప్పేది కదా!"

సమ్మక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలో చింపిన పొట్లం ఇంకా అలాగే ఉంది.

మూడో రోజు సారక్క ప్రయోగశాలకు వెళ్లి తలుపు వేసుకుంది. జనం ఎలా అడిగారన్నది, సగం పలికి మింగేసిన ముక్కలతో సహా, బస్సు యాప్ రికార్డు చేసి దాచిపెడుతుంది. ఆ ముక్కలు ఇన్నాళ్లూ ఎవరూ వినలేదు, చివరి ప్రశ్న సరిగా వస్తే చాలనుకున్నారు. ఆమె ఇప్పుడు విన్నది. "దవడ..." అని మొదలుపెట్టి గ్యాస్ అన్నవాళ్లు, "చెమటలు..." అని మొదలుపెట్టి గ్యాస్ అన్నవాళ్లు, "జబ్బ..." అన్నవాళ్లు. ఒక్క నెలలో మూడు వందల పన్నెండు ఫోన్లు. వాటిలో పంతొమ్మిది ఫోన్లు ఆ తర్వాత మళ్లీ ఏమీ అడగలేదు.

ప్రభంజన్ ఆ కాగితం చూసి పక్కన పెట్టాడు. "అడగకపోతే పోయారనేనా? ఫోన్ మార్చి ఉండొచ్చు."

"ఒకరిద్దరు మార్చొచ్చు సార్. పంతొమ్మిది మందా?"

"మేడం, గ్యాస్ అనుకుని గుండెనొప్పితో పోవడం మన దగ్గర కొత్తా? మా పెదనాన్న సోడా తాగుతూనే పోయాడు, అప్పటికి మీరు పుట్టలేదు."

"అనుకునుడు వేరు సార్. మీ పెదనాయన తనంతట తను అనుకున్నడు. కొమురన్న అనుకోలే. ఆయనకు ఎర్కనే, జబ్బ అన్నడు, ఎడమ అన్నడు. ఆ మాటను నోట్లకెల్లి గుంజి, నా మాట పెట్టిన నేను."

"బాధలో ఉన్నారు. నాలుగు రోజులు సెలవు తీసుకోండి. ఒకటో తారీఖున రాష్ట్రమంతా వదులుతున్నాం. ఏడు జిల్లాల్లో ఏడు గొంతులు దొరికాయి, మీ అక్కయ్య లాంటివే. మీ పేరు మారుమోగిపోతుంది."

"నేను ఆపుత."

"ఎలా ఆపుతారు?" ప్రభంజన్ గొంతు పెంచలేదు. "విత్తనాన్ని ముట్టుకునే మీ అనుమతి పొద్దున్నే తీసేశాం. విత్తనం మాది, మీరు రాసిచ్చారు. గొంతు మాది, మీ అక్కయ్య రాసిచ్చింది. బయట ఒక్క ముక్క చెప్పినా జైలు మీకే. చేసింది మీరే కదా మేడం, నేను ఇంజనీరును కూడా కాను."

అదే నిజం. చేసింది ఆమే. ఆ మాట తానే నలుగురిలో చెప్పాలని అప్పుడే తేల్చుకుని, సారక్క మెడలో ఉన్న సంస్థ కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి సమ్మక్క వాకిట్లో తన ఖాకీ చొక్కా ఉతుకుతోంది. సారక్క పక్కనే తడి బండ మీద కూర్చుని, మొదటి నుంచి చివరి వరకు చెప్పింది. వంటింట్లో గొంతు తీసుకున్న ఆదివారం దగ్గర్నుంచి, పొద్దున చాయ్ దగ్గర నవ్వుకున్న నవ్వు దాకా, ఏదీ దాచలేదు.

సమ్మక్క చొక్కా పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. అప్పుడు అడిగింది. "నా గొంతుతోని మా అన్న పాణం తీసినవానే?"

"తీసిన అక్కా."

సమ్మక్క కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి పోయి పడుకుంది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె నోట ఒక్క మాట రాలేదు. నలభై మంది బస్సును నోటితో నడిపిన మనిషి మంచినీళ్లు కూడా సైగతో అడిగింది. "మాట్లాడు అక్కా" అని చెల్లె కాళ్లు పట్టుకుంటే, గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. తన గొంతంటే ఆమెకే భయం పట్టుకుంది.

ఆ గొంతు మీద పెట్టుకున్న చెయ్యిని చూస్తుంటే సారక్కకు పోచయ్య గుర్తొచ్చాడు. పనికిరాదని తీసేసిన ఇరవై మూడో నంబరు. కొమురన్నకు సమ్మక్క ఎదురుగా నిలబడి గ్యాసే అన్నది, విత్తనం మరింత పాతుకుంది. పోచయ్యకు ఎదురుగా నిలబడి కాదన్నది, ఒక్క పూటలో ఊడిపోయింది. దాచిన గొంతు ఎంత చెప్పినా, అదే మనిషి ఎదురుపడి నోరారా కాదంటే చెవి మనిషినే నమ్ముతుంది!

"అక్కా, లే" అంది సారక్క. "ఆ విత్తనాన్ని నేను తియ్యలేను. నువ్వు తియ్యగలవు. వాళ్ల కోర్టులు, వాళ్ల కాగితాలు నీ నోటికి అడ్డం రావు. గొంతు రాసిచ్చినవ్, అంతే."

సమ్మక్క లేచి కూర్చుంది. రెండు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాటను సారక్క ఎప్పటికీ మరిచిపోలేదు.

"గొంతు రాసిచ్చిన. నోరు రాసియ్యలే."

కొమురన్న పోయిన పదకొండో రోజున సమ్మక్క డ్యూటీ ఎక్కింది. కొత్త డ్రైవరు, అదే బస్సు. బస్టాండు దాటుతూనే ఆమె మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంది.

"ఏయ్, అందరు వినుండ్రి! ఛాతిల నొప్పంటే గ్యాస్ గాదు! ఎడమ జబ్బ గుంజినా, దవడ గుంజినా, ఊకె చెమటలు పెట్టినా గ్యాస్ గాదు! గుండె! పొడి వేస్కోకుండ్రి, దవాఖానకు పోండ్రి! మా కొమురన్నకు నేనే పొడి ఇచ్చిన, నేనే సంపుకున్న! ఇగ ట్యాంకికాడ దిగేటోళ్లు దిగుండ్రి!"

వెనక సీట్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. "నవ్వు బిడ్డా, నవ్వు. నవ్వుకుంట ఒక్కసారి అను. జబ్బ గుంజితే ఏంది?" అని అతని ముందు నిలబడింది. "గుండె" అన్నాడు. "ఆ, ఇప్పుడు టికెట్ తీస్కో."

ప్రతి స్టేజీలో అదే కేక. ఎక్కిన ప్రతివాడి చేతా ఆ మాట అనిపిస్తేనే టికెట్. మూడు రోజుల తర్వాత తోటి కండక్టర్లతో డ్యూటీలు మార్చుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు పరకాల, ఒకరోజు నర్సంపేట, ఒకరోజు జనగామ, ఒకరోజు మహబూబాబాద్. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె ఊరూరా నోళ్లు బాగుచేసుకుంటూ పోయింది. సారక్క ప్రతి బస్సులోనూ ముందు సీట్లో కూర్చునేది. కొందరు ప్రయాణికుల ఫోన్లు అడిగి తీసుకుని, వాళ్ల చేతనే ప్రశ్న అడిగించి, జవాబు రాసుకునేది. తాను చేసినదంతా తన పేరుతో, తన సంతకంతో రాసి పత్రికలకూ పోలీసులకూ పంపింది. విత్తనం ఎలా నాటారో, ఎలా ఊడుతుందో అందులో ఉంది. ఏడు జిల్లాల్లో గొంతులిచ్చిన ఏడుగురి ఇళ్లకూ వెళ్లింది. ఒక రేషన్ డీలరు, ఒక బడిపంతులు, ఒక పాలకేంద్రం ఆవిడ, ఇలాంటివాళ్లు. "మీ గొంతు తీసుకున్నది గిందుకు" అని చెప్పి, కొమురన్న సంగతి చెప్పింది. పంతులుగారు అంతా విని, మరునాటి నుంచి బడిలో ప్రార్థన అయ్యాక సమ్మక్క కేకేసే మాటలే పిల్లల చేత అనిపించడం మొదలుపెట్టారు.

సమ్మక్క డ్యూటీ ఎక్కిన పధ్నాలుగో రోజున నర్సంపేట బస్సులో ఉండగా ప్రభంజన్ ఫోన్ చేశాడు. సారక్క స్పీకరు నొక్కి అందరికీ వినపడేలా పట్టుకుంది.

"మేడం, మీ అక్కయ్య మా ఆస్తిని పాడు చేస్తోంది. పరువునష్టం దావా వేస్తున్నాం. బస్సులో టికెట్లు కొట్టుకోమనండి, ఉపన్యాసాలు వద్దు."

సారక్క నోరు తెరిచేలోపు సమ్మక్క ఫోన్ లాక్కుంది. "సారూ, దావా వెయ్యి. కోర్టుల జడ్జిగారు అడుగుతరు గద, ఏం కేకేసినవమ్మా అని? ఆడ ఇంకింత గట్టిగ ఏస్త. పేపరోళ్లు సుత వింటరు. ఇంతకు నీకు ఎడమ జబ్బ గుంజుతాందా ఏందీ, గొంతు గట్ల వణుకుతాంది?"

బస్సంతా గొల్లుమంది. అవతల ఫోన్ పెట్టేశాడు. నిజంగానే దావా వేశారు, అది ఇప్పటికీ నడుస్తోంది. సారక్క మీద పోలీసు కేసు కూడా నడుస్తోంది. పిలిచిన ప్రతిసారీ వెళ్లి, చేసింది నేనే అని చెప్పి వస్తోంది.

పంతొమ్మిదో రోజున పరకాల బస్సులో ఒక ముసలమ్మ ఫోన్ పట్టుకుని, "ఛాతిల నొప్పయితాంది, జబ్బ గుంజుతాంది, ఏం జెయ్యాలె?" అని తడుముకోకుండా అడిగింది. ఫోన్ ఒక్క క్షణం ఆగి, "వెంటనే 108కు ఫోన్ చేయండి. నడవకండి, కూర్చోండి" అంది. సుఖోదర చూర్ణం ఊసే లేదు. నిన్నటి దాకా ఒకే ఒక జవాబుగా ఉన్నది రెండో స్థానానికి జారింది. రెండో స్థానం అంటే ఏమిటో మొదట్లోనే చెప్పుకున్నాం. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. రాష్ట్రంలో ఎక్కడా ఏ యాప్ కొత్తగా మోగలేదు.

ఆ సాయంత్రం సారక్క తన ఫోన్ తీసి, "ఎడమ జబ్బ" అంది. నాలుక తడబడింది. మళ్లీ అంది. మూడోసారికి మాట పూర్తిగా తనదై వచ్చింది. పక్కన కూర్చున్న అక్క చూసి, "ఇంకోసారి అను" అంది. చెల్లె అన్నాక సమ్మక్క వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. క్షమించానని మాత్రం అనలేదు. సారక్క అడగనూ లేదు.

నెల తిరిగాక సమ్మక్క మళ్లీ తన ములుగు బస్సుకే వచ్చింది. బస్సు నిండుగా ఉంది. గుండె దవాఖాన దగ్గర్లో, ఏ స్టేజీ కాని చోట, మధ్యలో కూర్చున్న ఒక రైతు లేచాడు. ముఖం నిండా చెమట. కుడిచేత్తో ఎడమ జబ్బ పట్టుకుని ఉన్నాడు.

"ఆపక్కా" అన్నాడు. "గ్యాస్ గాదు. కొమురన్న స్టేజీల ఆపు."

ఆ పేరు ఎవరు పెట్టారో సమ్మక్కకు తెలియదు. తాను ఎప్పుడూ అనలేదు. అన్న పోయిన చోటు వచ్చినప్పుడల్లా ఆమె నోరు మూసుకుని కిటికీలోంచి అటు చూసేది, అంతే. పదిహేనేళ్లలో మొదటిసారి ఒక స్టేజీకి జనం పేరు పెట్టారు. ఆమె గంట కొట్టింది. బస్సు రోడ్డు దిగి ఆగింది. ఇద్దరు మనుషులు అతన్ని చెరోవైపు పట్టుకుని దించారు.

కిటికీ దగ్గర కూర్చున్న కాలేజీ అమ్మాయికి ఆ పేరు కొత్త. ఫోన్ ఎత్తి, "కొమురన్న స్టేజీ ఎక్కడ?" అని అడిగింది.

"ఆ పేరుతో ఏమీ దొరకలేదు" అంది ఫోన్.

"దానికేం ఎర్క బిడ్డా" అన్నాడు పక్క సీటు పెద్దమనిషి. వేలెత్తి, రోడ్డు దాటుతున్న ఆ ముగ్గురినీ చూపించాడు. "గదిగో."

సమ్మక్క మెట్టు మీదికి వచ్చి, గొంతెత్తి, నోరారా కేకేసింది.

"కొమురన్న స్టేజీ! దిగేటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా? కొమురన్న స్టేజీ!"